అక్కడేం చేశారో అడగండి

"ఎందుకొచ్చేశారు?"

2023లో అమెరికా నుంచి విజయవాడ తిరిగొచ్చి అపార్ట్‌మెంట్లో సామాను దించుకున్న రోజు మొదలు, ఈ ప్రశ్నకు జవాబు చెప్పీ చెప్పీ నా నోరు నొప్పిపుట్టింది. లిఫ్టులో ఎదురైన వాళ్లూ, కూరల బండి దగ్గర పలకరించిన వాళ్లూ, పెళ్లిళ్లలో పక్క కుర్చీలో కూర్చున్న వాళ్లూ అందరిదీ అదే మాట. విషయం దాచుకునేదేం కాదు. మావారి ఉద్యోగం పోయింది. హెచ్-1 వీసా మీద ఉన్నవాళ్లకి ఉద్యోగం పోతే ఇంకొకటి వెతుక్కోవడానికి 60 రోజులే గడువు. దొరకలేదు. ఏడేళ్ల సంసారాన్ని ఎనిమిది సూట్‌కేసుల్లో కుక్కుకుని వచ్చేశాం.

ఇంత చెప్పాక వాళ్లు ఓదార్పుగా అనే మాట కూడా ఒకటే. "పోన్లెండి, పిల్లాజెల్లా క్షేమంగా ఇల్లు చేరారు. అదే పదివేలు."

నిజమే, పదివేలే. కానీ అక్కడ నాకూ ఒక ఉద్యోగం ఉండేది. స్కూల్లో చిన్నపిల్లల క్లాసులో టీచరుకు సాయంగా పద్నాలుగు నెలలు పనిచేశాను. దాని గురించి ఒక్కరు అడిగితే ఒట్టు. మావారి ఉద్యోగం పోయిందని అందరూ జాలిపడ్డారు. నాది కూడా పోయిందని ఎవరికీ తోచలేదు.

అలాంటప్పుడల్లా నాకు యూటాలో మా పక్కింటి పెద్దావిడ గుర్తుకొస్తుంది. "క్షేమంగా వచ్చారు, అదృష్టవంతులు" అని ఊరంతా అంటుంటే, ఆవిడ మొహంలో నవ్వు ఉండేది గానీ కళ్లలో ఉండేది కాదు. ఆ కథే మీతో చెబుదామని కూర్చున్నాను.

ఈ వయసులో ప్రయాణమా?

మేముండేది సాల్ట్‌లేక్ సిటీకి దక్షిణాన ఒక చిన్న ఊళ్లో. యూటా రాష్ట్రం మోర్మన్ల గడ్డ. వాళ్ల సంఘం 1830లో న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టింది. అక్కడా ఇక్కడా తరిమివేతలు పడి, 1847లో ఆ కొండల మధ్య లోయకు చేరి స్థిరపడ్డారు. పెళ్లికాని కుర్రాళ్లు రెండేళ్లు, ఆడపిల్లలు ఏడాదిన్నర, సంఘం ఎక్కడికి పంపితే అక్కడికి వెళ్లి మతప్రచారం చేసి రావడం వాళ్లలో ఆనవాయితీ. తెల్లచొక్కా, టై, ఛాతీమీద నల్లటి పేరు బిళ్ల పెట్టుకుని జంటలు జంటలుగా తిరుగుతుంటారు.

పెద్దవాళ్లు కూడా వెళతారని మాత్రం నాకు పక్కింటివాళ్ల వల్లే తెలిసింది. పిల్లల బాధ్యతలు తీరిన భార్యాభర్తలు కలిసి ఆరునెలల నుంచి రెండేళ్లలోపు వెళతారు. ఖర్చులు వాళ్లవే. ఇంటింటికీ తిరిగి బోధించే పని వీళ్లకు ఎక్కువగా ఉండదు. ఆఫీసు పనీ, ఆరోగ్యం చూసే పనీ, సహాయ కార్యక్రమాలూ చూస్తారు.

ఆయనకు అప్పుడు 69 ఏళ్లు. హైస్కూలు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఆవిడకు 67. ఆరుగురు పిల్లలు, పందొమ్మిదిమంది మనవలు. మా పిల్లలూ ఆవిడను నానమ్మ అనే పిలిచేవాళ్లు. మేం కొత్తగా దిగినప్పుడు ఆవిడ ఇంట్లో చేసిన రొట్టె పట్టుకుని పలకరించడానికొస్తే, నేను మర్యాదగా ఫిల్టర్ కాఫీ కలిపి తెచ్చాను. మోర్మన్లు టీ, కాఫీలు ముట్టరని నాకేం తెలుసు? ఆవిడ చిన్నబుచ్చకుండా "వాసన ఎంత బావుందో!" అని కప్పు పక్కన పెట్టారు. ఆ తర్వాత ఆవిడొస్తే మజ్జిగే. అల్లం, కరివేపాకు వేసి ఇస్తే రెండు గ్లాసులు తాగేవారు.

2019 సెప్టెంబరులో వాళ్లకు ఫిలిప్పీన్స్‌కు పిలుపొచ్చింది. పద్దెనిమిది నెలలు. కారు అమ్మేశారు. కుక్కను కూతురింట్లో వదిలారు. ఇంటి పైభాగం ఒక చిన్న జంటకు అద్దెకిచ్చి, సొంత సామానంతా బేస్‌మెంట్లో సర్ది తాళం వేశారు.

ఫోన్లో మా అమ్మతో చెబితే, "అరవై ఏడేళ్లొచ్చాక మనవల్ని వదిలేసి దేశం కాని దేశం పోవడమేమిటే, చోద్యం కాకపోతే!" అంది. మళ్లీ తనే, "మా తాతమ్మ కాశీకి వెళ్లేటప్పుడు కూడా ఇలాగే అప్పగింతలు పెట్టి వెళ్లిందట" అని గుర్తు చేసుకుంది. కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడితో సమానం అనుకునే రోజులవి. తిరిగొస్తే మాత్రం ఊరంతా పండగే. గంగ చెంబుకు పూజ చేసి, సమారాధన చేసి, వచ్చినవాళ్లందరికీ కాశీదారాలు కట్టేవారు. వెళ్లడానికి ఒక పద్ధతి ఉన్నట్టే రావడానికీ ఒక పద్ధతి ఉండేది.

బయల్దేరేముందు నేను ఆవిడకు చిన్న ఆవకాయ సీసా ఇచ్చాను. "దీన్ని ఎలా తినాలి?" అన్నారు. "భయపడుతూ తినాలి" అన్నాను.

అర్ధాంతరంగా

తర్వాత జరిగింది మనందరికీ తెలిసిన ఉపద్రవమే. 2020 మార్చి 12న మోర్మన్ సంఘం ప్రపంచమంతటా ఆదివారం సభలు ఆపేసింది. 17వ తేదీ నుంచి మనీలా నగరమున్న లూజాన్ దీవి మొత్తం లాక్‌డౌన్. 18న పొద్దున్నే మా సాల్ట్‌లేక్ లోయలో భూకంపం, 5.7 తీవ్రత. మా వంటింట్లో డబ్బాలన్నీ కిందపడ్డాయి. ఊళ్లో వాళ్ల పెద్ద దేవాలయం శిఖరం మీద బంగారు దేవదూత బొమ్మ ఉంటుంది. ఆ కుదుపుకు దాని చేతిలోని బాకా ఊడి పడింది. చూసిన ప్రతివాళ్లూ ఏదో అపశకునంలా చెప్పుకున్నారు.

అప్పటికి లోకమంతా కలిపి ఆ సంఘానికి సుమారు 67 వేలమంది మిషనరీలున్నారు. ఎక్కడివాళ్లను అక్కడికి చేర్చడం మొదలుపెట్టారు. ఫిలిప్పీన్స్‌లో స్థానికులు కానివాళ్లందరినీ వెనక్కి రప్పించారు. మార్చి 22, ఆదివారం నాడు ప్రత్యేక విమానాల్లో 1,600 మందికి పైగా సాల్ట్‌లేక్‌లో దిగారు. కారుకు ఒకరిద్దరు మించి రావద్దని చెప్పినా, బిడ్డల్ని చూడాలన్న ఆత్రంతో వందలమంది బెలూన్లూ, బ్యానర్లూ పట్టుకుని విమానాశ్రయం పార్కింగు భవనంలో గుమిగూడారు. టీవీలో చూసి నాకు భయమేసింది, కళ్లు చెమర్చాయి కూడా. కన్నవాళ్లను దూరంగా నిలబడమంటే ఎవరు నిలబడతారు?

ఆ గుంపులోంచే మా పక్కింటి దంపతులు కూడా వచ్చారు. వాళ్ల పెద్దబ్బాయి కారు తాళం అందులోనే ఉంచి, తను వేరే కారులో వెనక్కి వెళ్లిపోయాడట. వయసు మీదపడ్డ తల్లిదండ్రులకు తనవల్ల ఏమైనా అంటుకుంటుందేమోనని. దూరంనుంచే చెయ్యి ఊపాడు. అంతే.

ఇల్లు వాళ్లదే. ఉండటానికి మాత్రం బేస్‌మెంటే దొరికింది. పైన అద్దెకున్న పిల్లలతో ఒప్పందం 2021 మార్చి దాకా ఉంది మరి. సొంత ఇంటి కింద, అట్టపెట్టెల మధ్య, మంచం వేసుకుని 14 రోజుల ఏకాంతవాసం.

నా బల్ల అక్కడే ఉండిపోయింది

రోజూ మధ్యాహ్నం నేను బేస్‌మెంటు మెట్లమీద గిన్నె పెట్టి, వెనక్కొచ్చి మా కంచె దగ్గర నిలబడేదాన్ని. పప్పు, అన్నం, కాస్త చారు. ఆవిడ తలుపు తీసి గిన్నె తీసుకుని, ఆ మెట్టుమీదే కూర్చునేవారు. అలా దూరందూరంగా మాటలు సాగేవి.

మాస్టారుగారు నాలుగు రోజులకే తేరుకున్నారు. పెరట్లో ఆపిల్ చెట్టు కొమ్మలు కత్తిరించుకుంటూ ఈల వేసేవారు. ఆవిడ మాత్రం కోలుకోలేదు. పిల్లలంతా ఫోన్లు చేసి "అమ్మా, నువ్వు ఇంటికొచ్చేశావు, మాకింకేం కావాలి" అంటున్నారట. ఆవిడ ఫోను పెట్టేసి ఏడుస్తున్నారట.

నాకేమనాలో తోచక, ఏదో ఒకటి మాట్లాడాలని, "అక్కడ మీరేం పని చేసేవారు?" అని అడిగాను.

ఆవిడ నావైపు కాసేపు అలా చూశారు. "వచ్చాక ఈ మాట అడిగిన మొదటిదానివి నువ్వే" అన్నారు.

ఆరోజు చెప్పడం మొదలుపెడితే చలికి ముక్కు ఎర్రబడేదాకా ఆపలేదు. మనీలా దగ్గర ఒక మిషన్ ఆఫీసులో ఆవిడకొక బల్ల, కుర్చీ, కంప్యూటరు. ఆ ప్రాంతంలో పనిచేసే కుర్రాళ్ల, ఆడపిల్లల అద్దె ఇళ్లన్నిటి లెక్కలూ ఆవిడవే. ఇంటి ఒప్పందాలు, కరెంటు బిల్లులు, వంట గ్యాసు, కారే కుళాయిలు. మొదటి నెల లెక్క తప్పి రాత్రి నిద్రపోలేదట. మూడో నెలకు ఇంటి యజమానులతో బేరమాడి అద్దె తగ్గించే స్థాయికొచ్చారు. ఇరవై ఏళ్లయినా నిండని పిల్లలు జ్వరమొస్తే అర్ధరాత్రి ఫోన్ చేసేది ఆవిడకే. రమ్మని కబురొచ్చిన రాత్రి, ప్రతి ఇంటి అద్దె డబ్బూ వేరువేరు కవర్లలో పెట్టి, మీద పేర్లు రాసి, అక్కడి ఫిలిపినో అమ్మాయి చేతికిచ్చి వచ్చారు. మా ఆవకాయ సీసా కూడా ఆ అమ్మాయికే ఇచ్చారట. "భయపడుతూ తినమని చెప్పాను" అన్నారు. అప్పుడు నవ్వారు, వచ్చాక మొదటిసారి.

తర్వాత నెమ్మదిగా అన్నారు. "అందరూ అదృష్టవంతులంటున్నారు. కాదనను. మా వయసువాళ్లు అక్కడ ఇరుక్కుపోతే ఏమయ్యేదో. కానీ చూడు, ఆయనకు ముప్ఫై ఏళ్ల ఉద్యోగం ఉంది, రిటైర్మెంటు విందు ఉంది, గోడమీద ఆ ఫొటో ఉంది. నేను ఇరవై రెండేళ్లకు తల్లినయ్యాను. జీవితంలో నాకంటూ ఒక బల్ల ఉన్నది ఆ ఆరునెలలే. అది అక్కడే ఉండిపోయింది."

వాళ్లలో మిషన్ ముగించుకొచ్చినవాళ్లు ఆదివారం సభలో లేచి తమ అనుభవాలు చెప్పుకోవడం ఆచారం. మన కాశీ సమారాధన లాంటిదే అనుకోండి. సభలే లేవు కదా, ఆవిడకు ఆ ముచ్చటా తీరలేదు. పని నుంచి విముక్తి కూడా ఫోన్లోనే ఇచ్చారు. సంఘం పెద్ద వీడియోలో కనిపించి నాలుగు మంచి మాటలు చెప్పి, ఇక పేరు బిళ్లలు తీసేయవచ్చన్నారు. మాస్టారుగారు తనది తీసి బల్లమీద పెట్టారు. ఆవిడ తనది ఆ రాత్రంతా తీయలేదట.

నేను ఇంట్లోకొచ్చి చాలాసేపు సింకు ముందు నిలబడిపోయాను. బి.కాం. ఫస్ట్‌క్లాసులో పాసయ్యాను నేను. 2016లో హెచ్-4 వీసా మీద, అంటే భర్తకు ఆశ్రితురాలిగా వెళ్లాను. ఆ వీసా మీద ఊరికే పనిచేయడానికి లేదు. భర్త గ్రీన్‌కార్డు దారిలో ఒక మెట్టు ఎక్కాక భార్యకు పని అనుమతి ఇవ్వడం 2015లో మొదలుపెట్టారు. మావారి మెట్టు అప్పటికింకా రాలేదు. బల్ల కోసం ఆవిడ పడ్డ బాధ నాకు అర్థమైనంతగా ఆ వీధిలో ఇంకెవరికీ అర్థమై ఉండదు.

ఇక్కడొక మాట చెప్పాలి. "మతం మార్చడానికి చూశారా?" అని మీకు అనుమానం రావచ్చు. నేను మా ఇంట్లో దీపం పెట్టుకుంటూనే ఉన్నాను. ఆవిడ వాళ్ల ప్రార్థన చేసుకుంటూనే ఉన్నారు. ఇతర దేశాలకు వెళ్లి మతప్రచారం చేయడం మీద నాకు నా అభ్యంతరాలున్నాయి. అవి ఆవిడతోనూ అన్నాను. ఆవిడ విన్నారు, వాదించలేదు. ఒకసారి మాత్రం "మీ హైదరాబాదు కథ ఒకటి తెలుసా?" అని ధర్మరాజు దంపతుల గురించి చెప్పారు. ఎడ్విన్, ఎల్సీ ధర్మరాజు హైదరాబాదువాళ్లు. సమోవా దీవుల్లో ఉంటూ 1977లో ఆ సంఘంలో చేరారు. 1978 డిసెంబరులో సంఘం వాళ్లను మిషనరీలుగా పంపింది. ఎక్కడికో కాదు, హైదరాబాదులో సొంతవాళ్ల దగ్గరికే. 22 మంది బంధువులు ఆ మతం పుచ్చుకున్నారు. ఎల్సీగారి తండ్రి బాప్టిస్టు పాస్టరు. మోర్మన్ గ్రంథాన్ని తెలుగు చేసే పని ఆయనే చేపట్టారట.

"చూశావా, వాళ్లకు ఇంటికి రావడమే పని అయింది. నాకు ఇంటికొస్తే పని పోయింది" అన్నారు ఆవిడ.

వంద మాస్కులు

ఏప్రిల్ మూడోవారంలో ఆస్పత్రులవాళ్లూ, మోర్మన్ సంఘమూ కలిసి ఒక పని తలపెట్టారు. వైద్యులకూ నర్సులకూ అయిదు వారాల్లో 50 లక్షల మాస్కులు కుట్టించాలని. కుట్టు వచ్చినవాళ్లు ముందుగా పేరిచ్చుకుంటే, కత్తిరించిన సరంజామా సంచీలో పెట్టి కారులోకే అందించేవారు. సంచీకి వంద మాస్కులు. కుట్టి వచ్చే వారం తిరిగి ఇచ్చేయాలి.

ఆవిడ ఏకాంతవాసం అప్పటికే ముగిసింది. కంచె దగ్గరికొచ్చి "నీకు మిషను కుట్టడం వచ్చా?" అన్నారు. "మా ఇంట్లో జాకెట్లన్నీ నేనే కుట్టేదాన్ని" అన్నాను. ఇద్దరం చెరో సంచీ తెచ్చుకున్నాం. వాళ్ల వరండాలో ఆవిడ మిషను, మా గరాజు గుమ్మంలో నాది. మధ్యన పచ్చిక. మామూలు బట్ట కాదది, సూది కాస్త జారుతుంది. మొదటి రోజు పదిహేను కుట్టేసరికి నా నడుం పడిపోయింది. ఆవిడ ఒక నోటుబుక్కులో గీతలు గీసి ఎవరివి ఎన్నయ్యాయో, ఎన్ని చెడిపోయాయో రాసేవారు. మనీలా ఆఫీసులో అద్దెలు రాసినట్టే.

మూడో సంచీ దగ్గర చూస్తే, నోటుబుక్కు మొదటి పేజీలో నా పేరు కూడా ఉంది. పక్కన 'కుట్టుపని' అని రాసి ఉంది. జీతం లేదు. ఆ ఉద్యోగానికి ఏ వీసా కూడా అక్కర్లేదు. అయినా అమెరికా వచ్చిన నాలుగేళ్లలో ఒక జాబితాలో నా పేరు పక్కన 'ఫలానావారి భార్య' అని కాకుండా పని పేరు ఉండటం అదే మొదటిసారి.

అంతటితో ఆవిడ దిగులు మాయమైందని చెప్పను. కథల్లో అయితే అలా రాసేదాన్నేమో. మనీలా అమ్మాయి వీడియోలో మాట్లాడినప్పుడల్లా ఒక పూట మౌనంగా ఉండేవారు. వాళ్లు మళ్లీ ఫిలిప్పీన్స్ వెళ్లలేదు. మాస్టారుగారి గుండెకు స్టెంటు పడింది, వెళ్లే వీల్లేకపోయింది. తర్వాత సాల్ట్‌లేక్‌లో వాళ్ల వంశవృక్షాల గ్రంథాలయం తిరిగి తెరిచాక, వారానికి రెండు రోజులు అక్కడ వచ్చినవాళ్లకు సాయం చేయడానికి కుదురుకున్నారు. అక్కడా ఒక బల్ల ఉంది. "పాతదాని అంత మంచిది కాదు" అనేవారు. పాతది పాతదే, ఒప్పుకోవాలి కదా.

మన ఇళ్లలోనూ

2022లో నాకు పని అనుమతి వచ్చింది. స్కూల్లో చేరిన రోజు నా మెడలో గుర్తింపు కార్డు చూసి ఆవిడ చప్పట్లు కొట్టారు. మరుసటేడు ఆ కార్డు తిరిగి ఇచ్చేసి ఇంటికొస్తే, "ఎందుకిలా అయింది?" అనలేదు. "ఆ పిల్లల పేర్లు చెప్పు" అన్నారు. ఇరవై రెండు పేర్లు చెప్పాను. చెబుతూ చెబుతూ ఏడ్చాను. ఆ తర్వాతే సూట్‌కేసులు సర్దడం మొదలుపెట్టగలిగాను.

ఇప్పుడు ఆలోచిస్తే అనిపిస్తుంది. మన ఇళ్లకీ ఎంతమంది ఇలా అర్ధాంతరంగా తిరిగొస్తుంటారో! హాస్టల్లో ఇమడలేక చదువు మధ్యలో వచ్చేసిన పిల్ల, వీసా అయిపోయి వచ్చిన కొడుకు, నాలుగు ధామాలని బయల్దేరి కొండచరియలు విరిగిపడి రెండో ధామం నుంచే మళ్లిన అత్తమామలు. గుమ్మంలోనే మనం అడిగేది ఒకటే, "ఏం, వచ్చేశారు?" లేకపోతే, "క్షేమంగా వచ్చారు, చాలు." మొదటి మాట తప్పు వెదుకుతుంది, రెండో మాట నోరు మూయిస్తుంది. అక్కడ గడిపిన రోజుల గురించి రెండూ అడగవు. సగంలో ఆగిన పనయినా, చేసినంతా పనే కదా!

మొన్న మా కింది ఫ్లాటులో కొత్తగా వంటకు కుదిరినామె మెట్లమీద కనిపించింది. కోనసీమ మనిషి. కువైట్ వెళ్లి, మొగుడికి పక్షవాతం వచ్చిందని ఎనిమిది నెలలకే తిరిగొచ్చేసిందట. అప్పు తీరలేదు. పక్కింటావిడ నాతో ఆ సంగతి చెబుతూ "పాపం, పోయిన పని కాలేదు" అంది. ఆమె తల వంచుకుని నిలబడింది.

"అక్కడ నువ్వేం చేసేదానివమ్మా?" అని అడిగాను.

తల ఎత్తింది. "వంటమ్మా. పన్నెండు మందికి. మచ్‌బూస్ అని చేస్తారు, మన పలావులాగే గానీ ఎండు నిమ్మకాయ వేస్తారు. మొదట్లో నాకు రాలేదు. తర్వాత ఆ ఇంటి పెద్దావిడ నేను చేస్తేనే తినేది..."

చేతిలో సంచీ మెట్టుమీద పెట్టింది. నేనూ కూర్చున్నాను.